సేద్యం నాణేలు ఎలా సేకరించాలి: అవ్వ పెట్టె నుంచి మొదటి ఆల్బమ్ దాకా

నేను నాణేలు కూడబెడతానని తెలిసినవాళ్లు ఎక్కడ కనబడినా అడిగేవి మూడే ప్రశ్నలు. అనంతపురం క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతున్నా అవే, పెళ్లిలో పంక్తిలో కూర్చున్నా అవే. "మా అవ్వ పెట్టెలో పాత బిళ్ళలున్నాయి, ఎంత దుడ్డు వస్తుంది?" "మా పిల్లోడికి ఈ అలవాటు చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" "డబ్బా నిండా కూడాయి, ఇప్పుడేం చేయాలి?"

మొదటిదానికి జవాబు చిన్నది. చాలా బిళ్ళలకు పెద్దగా ఏమీ రాదు. మిగతా రెండింటికీ జవాబు ఒకటే: ఒక విషయం పట్టుకోండి. దొరికిన ప్రతి నాణేన్నీ డబ్బాలో వేస్తూ పోతే పదేళ్లకు డబ్బా బరువెక్కుతుంది గానీ మీకు తెలిసింది పెరగదు. ఒకే విషయం మీద ఇరవై నాణేలు పెట్టుకుని, ఒక్కోదాని సంగతి పూర్తిగా తెలుసుకుంటే ఏడాదిలోనే మీ చూపు మారిపోతుంది.

నేను పట్టుకున్న విషయం సేద్యం. వాన మీద ఆధారపడి శెనక్కాయ వేసే జిల్లాలో పుట్టినవాణ్ని. 1988లో మన ప్రభుత్వం 'రెయిన్‌ఫెడ్ ఫార్మింగ్' అని, అంటే వర్షాధార సేద్యం పేరుతోనే, ఒక రూపాయి బిళ్ళ వేసిందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా నాయన బతుకంతా ఆ రెండు మాటల్లో ఉంది. అందుకే ఈ పద్ధతి మొత్తం ఆ విషయంతోనే చెబుతున్నాను. మీరు వేరే విషయం ఎంచుకున్నా మెట్లు ఇవే.

ఏమేం కావాలి

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి. నగల షాపుల్లో వాడే చిన్న డిజిటల్ కాటా, గ్రాములో వందో వంతు దాకా చూపించేది. వ్యాసం కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్, ప్లాస్టిక్‌ది అయినా చాలు. చిన్న అయస్కాంతం. మెత్తటి నూలు గుడ్డ, టేబుల్ లైటు, రెండు వందల పేజీల నోట్‌బుక్. నాణేలు పెట్టడానికి అట్ట హోల్డర్లు కావాలి, మధ్యలో పారదర్శక కిటికీ ఉండేవి. ఆల్బమ్ ఇప్పుడే కొనకండి, ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

1. ముందు జాబితా రాయండి

నాణేలు వెతకడానికి ముందే ఏవి కావాలో కాగితం మీద పెట్టండి. ఇరవైకి మించొద్దు. నా మొదటి జాబితాలో ముఖ్యమైనవి ఇవి:

- 1950లో మొదలైన అణాల వరుసలో ఎద్దు బొమ్మ ఉన్నవి: అర్ధణా, అణా (రూపాయిలో పదహారో వంతు), బేడ (రెండణాలు). అర్ధణా, బేడ నలుచదరంగా ఉంటాయి. అణాకు అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది.
- అదే వరుసలో గోధుమ కంకులున్న పావలా, అర్ధ రూపాయి, రూపాయి.
- 1970, 71లలో వచ్చిన పసుపు రంగు 20 పైసలు, 'ఫుడ్ ఫర్ ఆల్' అని ఉండేది.
- 1973 నాటి 'గ్రో మోర్ ఫుడ్' 50 పైసలు.
- 1974 నుంచి వరుసగా వచ్చిన అల్యూమినియం 10 పైసలు. 'ఫుడ్ అండ్ వర్క్ ఫర్ ఆల్' 1976ది, 'ఫుడ్ అండ్ షెల్టర్ ఫర్ ఆల్' 1978ది.
- 1987 చిన్న రైతుల రూపాయి, 1988 వర్షాధార సేద్యం రూపాయి.
- 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ యాభై ఏళ్లకు వేసిన 5 రూపాయలు.
- హరిత విప్లవం రోజుల్లో కేంద్ర వ్యవసాయ మంత్రిగా ఉన్న సి. సుబ్రమణ్యం శతజయంతికి 2010లో వచ్చిన 5 రూపాయలు.
- 1992 నుంచి 2004 దాకా నడిచిన, కంకులున్న స్టీలు రూపాయి.
- 2019లో ప్రకటించిన ధాన్యం బొమ్మల వరుస. అందులో 20 రూపాయల బిళ్ళకు పన్నెండు పలకలు, వ్యాసం 27 మిల్లీమీటర్లు.

ఈ జాబితా చూస్తే దేశం కథ కనబడుతుంది. 1970లలో 'ఎక్కువ పండించండి', 'అందరికీ తిండి' అని పైసల మీద కూడా రాసుకోవాల్సి వచ్చింది. ఎందుకో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. రేషన్ గోధుమలు, జొన్న సంగటి రోజుల గురించి వాళ్లు చెప్పేది నోట్‌బుక్‌లో ఆ నాణెం పక్కనే రాసుకోండి.

సేద్యం మీద ఆసక్తి లేకపోతే పది రూపాయల బిళ్ళలతో మొదలుపెట్టండి. అప్పటిదాకా వచ్చిన పద్నాలుగు రకాలూ చెల్లుతాయని 2018లో రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది. మన వైపు ఇప్పటికీ కొన్ని అంగళ్లలో ఆ బిళ్ళ తీసుకోరు కాబట్టి, అడిగితే సంతోషంగా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. పిల్లలకు ఇదే మంచి మొదలు, ఖర్చు ముఖవిలువ అంతే.

2. డబ్బు పెట్టకుండా వెతకండి

ముందు ఇల్లు. అవ్వ ట్రంకు పెట్టె, దేవుడి గూట్లో కుంకుమ భరిణె, పోపుల డబ్బా అడుగు, పాత చీర కొంగు ముడి. తర్వాత బంధువుల ఇళ్లు. తర్వాత చిల్లర ఎక్కువ తిరిగే చోట్లు: కిరాణా అంగడి, టీ కొట్టు, బస్సు కండక్టర్, గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే అమ్మ. నోటు ఇచ్చి చిల్లర తీసుకోండి, వెతికి మిగతాది తిరిగి ఖర్చు పెట్టేయండి. బ్యాంకులో అడిగితే ఒక్కోసారి వంద బిళ్ళల ప్యాకెట్ ఇస్తారు. స్టీలు రూపాయి, 2019 వరుస వీటిలోనే దొరికిపోతాయి.

25 పైసలు, అంతకు తక్కువవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అందుకే అవి చిల్లరలో దొరకవు, పెట్టెల్లోనే దొరుకుతాయి. 50 పైసలు చట్ట ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది.

ఒక హెచ్చరిక, ఇది మన జిల్లాలవాళ్లకు ముఖ్యం. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం నేల చూసుకుంటూ నడుస్తారు. నేలలో పాత నాణేల ముంత లాంటిది దొరికితే ఇంటికి పట్టుకుపోకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి పది రూపాయలకు మించి విలువ చేసేది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. పంచుకుని అమ్ముకుంటే కేసు అవుతుంది, దానికి తోడు ఆ నాణేలు ఏ కాలానివో చెప్పే ఆధారమూ పోతుంది.

3. నాణెం చదవడం నేర్చుకోండి

టేబుల్ లైటు పక్క నుంచి పడేలా పెట్టి, నాణేన్ని అంచులతో పట్టుకుని, నెమ్మదిగా తిప్పుతూ చూడండి. ముందు సంవత్సరం. దాని కింద చిన్న గుర్తు ఉందేమో భూతద్దంతో చూడండి. ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, అంటే నాణెం ముద్రించిన చోటు. వజ్రం ఆకారం ఉంటే ముంబై. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. డిమాండ్ పెరిగినప్పుడు కొన్ని విదేశాల్లోనూ వేయించారు. 1985 రూపాయి మీద సంవత్సరం కింద ఇంగ్లీషు 'హెచ్' అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లో తయారైంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "1889 నాటి బ్రిటిష్ కాలం బిళ్ళ దొరికింది" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. తీరా చూస్తే నెహ్రూ బొమ్మ. 1889–1964 అనేవి ఆయన పుట్టిన, పోయిన సంవత్సరాలు. నాణెం 1964లో వచ్చింది, స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణెం అదే. 1869–1948 అని ఉన్న గాంధీ నాణెం కూడా అంతే, అది 1969లో శతజయంతికి వచ్చింది. బొమ్మ పక్కన రెండు సంవత్సరాలు కనబడితే ముందు ఆ మనిషి ఎవరో చూడండి.

మూడు సింహాల గుర్తు ప్రతిదాని మీదా ఉంటుంది కదా అని వదిలేయకండి. ఆ సింహాలు అశోకుడి స్తంభానివి. అదే అశోకుడి శాసనాలు గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద ఉన్నాయి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, జేబులో ఒక రూపాయి పెట్టుకుని.

4. కడగొద్దు

ఇది ఒక్కటి పాటిస్తే మిగతా తప్పులన్నీ దిద్దుకోవచ్చు.

మా అవ్వ పెట్టెలో నాకు ఎద్దు బొమ్మ అణా ఒకటి దొరికింది. బూడిద రంగులో, మసకగా ఉండేది. ఇత్తడి చెంబులు తోమినట్టే చింతపండు, కాస్త ఉప్పు వేసి బొటనవేలితో రుద్దాను. రెండు నిమిషాల్లో తళతళా మెరిసింది. సంతోషంగా లైటు కింద పెట్టి భూతద్దంతో చూస్తే, ఎద్దు మూపురం మీద, డొక్క మీద వెంట్రుకల్లాంటి గీతలు, వందలు. ఉప్పు రవ్వలు గీసినవి. మూపురం పక్కన ఏళ్ల తరబడి ఏర్పడిన ఆ బూడిద పొరే బొమ్మకు లోతు ఇచ్చేదని అది పోయాక తెలిసింది. మెరుపు మూడు నెలల్లో పోయింది, గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నాణేన్ని నేను పారేయలేదు. ఎవరు అడిగినా ముందు దాన్నే చూపిస్తాను.

చింతపండు, నిమ్మకాయ, బూడిద, పళ్లపొడి, పీతాంబరి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టండి, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే. తెల్లారి తీసి రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద అద్ది ఆరనివ్వండి. దాంతో పోనిది పోకపోయినా ఫర్వాలేదు.

సరిచూసుకోవడం: నాణేన్ని లైటు కింద తిప్పినప్పుడు మెరుపు చక్రం తిరిగినట్టు తిరిగితే అది అసలు మెరుపు. అంతా ఒకేలా, అద్దంలా, సన్న గీతలతో మెరిస్తే ఎవరో తోమారని అర్థం. కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష.

5. తూచండి, కొలవండి, అయస్కాంతం పెట్టండి

1988 వర్షాధార సేద్యం రూపాయి ఆ రోజుల మామూలు రూపాయిలాగే రాగి, నికెల్ కలిసిన లోహం. వ్యాసం 26 మిల్లీమీటర్లు, బరువు 6 గ్రాములు. అయస్కాంతానికి అంటదు. 1992 తర్వాతి స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు, అంటుకుంటుంది. అరిగిన నాణెం కొద్దిగా తక్కువ తూగడం మామూలే. అర గ్రాము తేడా వస్తే అనుమానించండి.

అయస్కాంతం దగ్గర ఒక మెలిక ఉంది. "అయస్కాంతానికి అంటితే నకిలీ" అని చాలామంది చెబుతారు, అది తప్పు. 1950 నాటి కంకుల రూపాయి అచ్చంగా నికెల్. నికెల్ అంటుకుంటుంది. అదే వరుసలో ఎద్దు అణా రాగి నికెల్ మిశ్రమం కాబట్టి అంటదు. ముందు ఆ నాణెం లోహం ఏదో తెలుసుకుని, ఆ తర్వాతే అయస్కాంతం మాట వినండి.

పసుపు 20 పైసల్లో బంగారం ఉందని మీకూ ఎవరో చెప్పి ఉంటారు. లేదు. అది అల్యూమినియం, రాగి కలిసిన మిశ్రమం. కరిగించే ప్రయత్నం అసలే చేయకండి, 2011 నాణేల చట్టం ప్రకారం నాణేలు కరిగించడం నేరం.

6. దాచడం

మన పొడిగాలి నాణేలకు మంచిదే, సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఉండే తేమ బాధ మనకు తక్కువ. మనకు శత్రువు వేళ్ల చెమట. మే నెలలో రాగి నాణెం మీద బొటనవేలు పెడితే వారంలో ఆ వేలిముద్ర నల్లగా తేలుతుంది. అంచులతోనే పట్టుకోండి.

స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి, ఘాటు వాసన వేసే ప్లాస్టిక్ ఆల్బమ్‌లు వద్దు. అది పీవీసీ. రెండు మూడేళ్లకు రాగి కలిసిన నాణేల మీద పచ్చటి జిగురు పడుతుంది, అది లోహాన్ని తినేస్తుంది. అట్ట హోల్డర్లలో పెట్టి, స్టేపుల్ చేసి, పిన్ను మొనలు కట్టింగ్ ప్లేయర్‌తో అణచండి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తాయి. హోల్డర్లను గట్టి పెట్టెలో నిలబెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు రెండు వేయండి. రబ్బరు బ్యాండ్లు, కలరా ఉండలు, న్యూస్‌పేపర్ చుట్టలు దూరం పెట్టండి. పెట్టె బీరువాలో కింది అరలో ఉండాలి, మిద్దె వేడి తగిలే అటక మీద వద్దు.

7. ప్రతిదానికీ ఐదు పంక్తులు రాయండి

నా నోట్‌బుక్‌లో ఒకటి ఇలా ఉంది:

"నం. 9. రూపాయి, 1998, కంకులు. సంవత్సరం కింద నక్షత్రం, హైదరాబాద్. 4.82 గ్రా., 25 మి.మీ., అయస్కాంతానికి అంటింది. అరుగుదల: కంకి గింజలు విడివిడిగా కనబడుతున్నాయి, అంచు దగ్గర దెబ్బ ఒకటి. ధర్మవరం బస్సులో చిల్లర."

అరుగుదల రాసేటప్పుడు 'బాగుంది', 'పాతది' అని రాయొద్దు. బొమ్మలో ఎత్తుగా ఉన్న చోటు చూడండి: ఎద్దుకు మూపురం, కంకికి గింజలు, సింహానికి జూలు. మొదట అరిగేది అవే. అక్కడ ఏం కనబడుతోందో రాస్తే ఏడాది తర్వాత ఇంకో నాణెంతో పోల్చుకోవచ్చు.

8. కొనాల్సి వస్తే

జాబితాలో సగం ఇంట్లో, చిల్లరలో దొరికాకే కొనడం మొదలుపెట్టండి. అప్పటికి మీ కన్ను కుదురుతుంది. 1973 యాభై పైసలు, 1987, 1988 రూపాయలు లాంటివి నాణేల వ్యాపారుల దగ్గర సాధారణంగా అందుబాటు ధరలోనే ఉంటాయి. ముగ్గురిని అడగకుండా కొనకండి. రెండు వైపులా, అంచు కూడా కనబడే ఫొటో ఇవ్వనివాడి దగ్గర వద్దు.

వీటిని మాత్రం కొనకండి:

- ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, మరో వైపు హనుమంతుడు లేదా రాముడి పట్టాభిషేకం ఉన్న బిళ్ళలు. కంపెనీ దేవుళ్ల బొమ్మలతో అలాంటి అణాలు వేయలేదు. ఇవి ఇటీవల తయారుచేసినవి. ఇంట్లో ఉంటే దేవుడి దగ్గర పెట్టుకోండి, జాబితాలో వద్దు.
- విజయనగర రాజుల కాలపు బంగారు నాణేలైన వరహాలు, మాడలు. సంతలో, రోడ్డు పక్కన చూపించేవి నకిలీలే అనుకోండి. నేను కూడా ఆ రాజులు ఏలిన పెనుకొండ మీద ప్రేమతో ఆన్‌లైన్‌లో ఒకటి కొని మోసపోయాను. కాటా మీద పెట్టాల్సిన పని కూడా లేకపోయింది, అంచు చుట్టూ పోత అతుకు గీత, అంటే లోహం కరిగించి మూసలో పోసినప్పుడు పడే గీత, కనబడింది. ఆనాటి నాణేలు అచ్చు గుద్ది చేసినవి, వాటికి ఆ అతుకు ఉండదు.

మీ దగ్గరున్న నాణేన్ని అమ్మమని వచ్చే ఫోన్ల సంగతీ చెప్పాలి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయలకు లక్షలిస్తామంటారు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, తర్వాత జీఎస్‌టీ అంటారు, రిజర్వ్ బ్యాంక్ లెటర్ చూపిస్తారు. ఆ నాణెం 2012లో వచ్చింది, మామూలుగా దొరికేదే. పాత నాణేల అమ్మకాల్లో తమకు ఏ సంబంధమూ లేదని, ఎవరి దగ్గరా ఛార్జీలు, కమీషన్ అడగమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మిమ్మల్ని అడగడు. ఓటీపీ చెప్పకండి.

కొత్త స్మారక నాణేలు కావాలంటే ప్రభుత్వ టంకశాలల వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవచ్చు. 2023లో వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం అలా అమ్మినదే, అది చిల్లరలో రాదు.

9. మన ఊళ్ల నాణేల వైపు ఎప్పుడు వెళ్లాలి

రెండేళ్ల తర్వాత. ఆశ పుట్టడం సహజం, ఎందుకంటే మన కోటల్లోనే టంకశాలలు ఉండేవి. టిప్పు సుల్తాన్ గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి, ఆ పేరుతో ఏనుగు బొమ్మ రాగి నాణేలు వేయించాడు. మొఘలుల కాలంలో ఆదోని పేరు ఇంతియాజ్‌గఢ్, అక్కడా నాణేలు ముద్రించారు. వాటి మీద ఊరి పేరు పారసీ అక్షరాల్లో ఉంటుంది. ఆ నాలుగు అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకునేదాకా కొనకండి. మసీదు వీధిలో ఉర్దూ తెలిసిన పెద్దాయన ఒకరితో స్నేహం చేయండి, నాకు అలాగే వచ్చింది. నూరేళ్లు దాటిన నాణేలు చట్టం దృష్టిలో పురావస్తువులు, విదేశాల్లో ఉన్న మేనల్లుడికి కానుకగా కూడా పంపకూడదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు సైఫాబాద్‌లోని పాత టంకశాల మ్యూజియం చూసి రండి. అసలు నాణెం అంచు, అచ్చు ఎలా ఉంటాయో కంటికి అలవాటవుతుంది.

10. ఆరు నెలలకొకసారి తనిఖీ

పెట్టె దించి ప్రతి హోల్డర్‌నూ లైటు కింద చూడండి. పచ్చ చుక్క, తెల్ల పొడి, కొత్త మచ్చ కనబడితే ఆ నాణేన్ని విడిగా పెట్టి కొత్త హోల్డర్‌లోకి మార్చండి. తర్వాత నోట్‌బుక్ మూసి, ఏదో ఒక నాణెం చేతిలోకి తీసుకుని, ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఏ లోహం, ఎందుకు వేశారు అని పిల్లలకు చెప్పి చూడండి. తడబడిన చోట మళ్లీ చదవండి. ఇరవైలో పదిహేను చూడకుండా చెప్పగలిగితే జాబితాలో ఇంకో ఐదు రాసుకోండి. రెండోవి ఉంటే పక్కింటి పిల్లోడికి ఇవ్వండి, అట్ట హోల్డర్‌తో సహా, చింతపండు సంగతి చెప్పి.